పాయ మధ్యలో ఫోటో మంచె

పెసలంక చిట్టెబ్బాయి కొన్న అద్దం మొట్టమొదటి పెళ్ళిలోనే మగపెళ్ళివారి పెద్దమావయ్యని పట్టించింది.

ముందు ఆ అద్దం సంగతి చెప్పాలి. చూడ్డానికి బోర్లించిన ఉగ్గుగిన్నెలా ఉంటుంది. కెమెరాని మూడుకాళ్ళ స్టాండు మీద ఆకాశంలోకి చూసేలా వెల్లకిలా బిగించి, దాని కంటికి ఓ గాజుగొట్టం తగిలించి, గొట్టం కొసన ఈ గిన్నెని మరబిగించాలి. కెమెరా గిన్నెలోకి చూస్తుంది, గిన్నె చుట్టూతా చూస్తుంది. ఒక్క నొక్కు నొక్కితే తూర్పూ పడమరా, ఎదురువాళ్ళూ పక్కవాళ్ళూ, నొక్కినవాడూ అందరూ ఒకే ఫోటోలో పడిపోతారు. వచ్చిన ఫోటో గుండ్రంగా, మధ్యలో చిల్లుతో, అచ్చం మినపగారెలా ఉంటుంది. ఆ గారెని కంప్యూటరులో ఎక్కడో ఒకచోట కోసి సాగదీస్తే పొడుగాటి పట్టీ అవుతుంది. అదీ దాని తమాషా.

మామూలు కెమెరాకి ముందూ వెనకా ఉంటాయి. మనుషులు మర్యాదంతా దాని ముందు పెట్టి, మిగతా పనులు దాని వెనక చక్కబెట్టుకుంటారు. ఈ గిన్నెకి వెనక లేదు. ఆ సంగతి పెళ్ళివారికి తెలీదు. పెళ్ళికొడుకు తాళి కడుతున్న ఫోటోలో పెద్దమావయ్య మడతకాజాలు కండువాలో మూటగట్టుకుంటున్నాడు. ఆడపడుచు వదినగారికి పెట్టిన గొలుసుని పంటితో కొరికి చూస్తోంది. పురోహితుడుగారు మంత్రం ఆపకుండానే సెల్లులో కబడ్డీ చూస్తున్నారు. ఆల్బం చేతికందిన నాటినుంచి ఆ రెండు కుటుంబాల మధ్యా మాటల్లేవు. ఆ కబురు లంకలన్నీ చుట్టొచ్చింది. అప్పట్నుంచి చిట్టెబ్బాయిని పెళ్ళికి పిలిచినవాళ్ళు సంచీ వెతికి మరీ లోపలికి రానిచ్చేవారు. అతని భార్య రత్నం ఆ గిన్నెని పాత జాకెట్టుగుడ్డలో చుట్టి బియ్యం డబ్బా వెనక పడేసింది.

అది అక్కడే ఉండిపోవలసిందే గాని, జిల్లాలో ఓ బస్సు షెల్టరు అడ్డం పడింది.

ఆ షెల్టరు ఫోటోలో మహా సొగసుగా ఉండేది. రంగులు, గడపకి పసుపు, నెత్తిన నాయకుల బొమ్మలు. ఒకనాడు జడివాన పట్టుకుంటే పైఆఫీసు పెద్దాయన తోడల్లుడు తలదాచుకుందామని అందులోకి పరిగెత్తి, ఆ పరుగున అవతల వరిచేలో బోర్లాపడ్డాడు. షెల్టరుకి ముందుగోడ తప్ప ఇంకేమీ లేదు. ఫోటోకి అంతే కావలసివచ్చింది మరి. తోడల్లుడు బురదతో ఇంటికి చేరాక ఉత్తర్వు పుట్టింది.

"ఇకమీదట ఏ పనికైనను శంకుస్థాపన ఛాయాచిత్రము సర్వదిక్సమగ్రముగా ఉండవలెను. ఛాయాచిత్రమునకు వెనుకభాగము ఉండరాదు. కెమెరాను ప్రతిపాదిత పనికి నట్టనడుమ నిలుపవలెను. హాజరైన అధికారులందరును కనబడవలెను. పనితో సంబంధము లేని వ్యక్తులు కనబడరాదు. ఛాయాచిత్రము ఆమోదము పొందిన పిమ్మటనే పని ఆరంభింపవలెను."

అలాంటి ఫోటో తీసేవాడెవడని జిల్లా అంతా గాలించారు. కాజాల మావయ్య చెప్పాడు. జీపు అవతల గట్టున ఆగింది, తాటిదుంగ మీద దేక్కుంటూ అటెండరు ఏసుపాదం పెసలంక వచ్చాడు, బియ్యం డబ్బా వెనకనుంచి గిన్నె బయటికొచ్చింది.

ఈ తాటిదుంగ సంగతి కూడా చెప్పాలి. పెసలంకకీ లోకానికీ మధ్య గోదారి పాయ ఒకటుంది. దాని మీద వంతెనంటూ ఉంటే అది ఆ దుంగే. ఎండాకాలం దాని మీద నడుస్తారు, తొలకరిలో కూర్చుని దేకుతారు, శ్రావణం వరదల్లో దాని వంకే చూడరు. కిందటేడు వరదలో సర్పంచి సూరాయమ్మ కోడలికి నొప్పులొస్తే అరటిబోదెల తెప్ప కట్టి దాటించబోయారు. పిల్లాడు ఆసుపత్రి దాకా ఆగలేదు. నడిపాయలో పుట్టి, పుట్టిన వెంటనే తెప్ప ఎటుపోతోందో తిరిగి చూశాడని ఊళ్ళో చెప్పుకుంటారు. వాడికి తెప్పరాజని పేరు పెట్టారు. ఆ యేడే పెసలంకకి నడక వంతెన కావాలని పైకి రాసి పంపారు. ఇప్పుడు ఫోటో కావలసింది దానికే.

ఇప్పుడు రత్నానికి నెలలు నిండేది శ్రావణంలోనే.

"మావా, నువ్వా ఫోటో ఎలా తీత్తావో నాకు తెల్దు," అంది ఆమె గిన్నె తుడిచి ఇస్తూ. "నేను మాత్రం తెప్పెక్కను. మన పిల్లకి తెప్పలచ్చివని పేరెట్టుకుంటే రేపు దాన్నెవడు సేసుకుంటాడు?"

చిట్టెబ్బాయి నవ్వాడు గాని, ఆ రాత్రి అన్నం సగంలో లేచాడు.

మొదటి ఫోటో గట్టు మీద తీశారు. ఇంజనీరు దైవాధీనంగారు, మండలాఫీసు పెద్దాయన, వారి వెంట ఉండవలసినవారంతా తరతరాల అలవాటు ప్రకారం ఒకే వరసలో నిలబడి కడుపులు లోపలికి లాక్కున్నారు. చిట్టెబ్బాయి స్టాండు పాతి, రసమట్టంలో బుడగ నడుమకొచ్చేదాకా ఒక్కో కాలూ సవరించి, గిన్నె మీద వేలిముద్రైనా లేకుండా పంచెకొంగుతో తుడిచి నొక్కాడు. పట్టీలో ఈ కొసన వరస దివ్యంగా వచ్చింది. ఆ కొసన జీపు నీడలో డ్రైవర్లు అధికారుల పెసరట్లు పంచుకు తింటున్నారు. ఆ పక్కనే కొబ్బరిచెట్టు మాటున ఒక గుమాస్తాగారు లోకానికి వీపుపెట్టి నిలబడి ఉన్నారు.

ఫోటో తిరిగొచ్చింది. సంబంధం లేని వ్యక్తులు ఉన్నారని ఒక కారణం. డ్రైవర్లకి పెసరట్లతో సంబంధం లేదు, గుమాస్తాగారికి కొబ్బరిచెట్టుతో సంబంధం లేదు. అసలు కారణం రెండోది. కెమెరా పనికి నట్టనడుమ లేదు.

"పని వంతెన కదయ్యా," అన్నారు దైవాధీనంగారు, కాగితం మడతపెడుతూ. "వంతెనకి నట్టనడుమంటే పాయకి నట్టనడుమే. కెమెరా అక్కడ నిలపవలసి ఉంటుంది."

"అక్కడ నీళ్ళున్నాయండి," అన్నాడు చిట్టెబ్బాయి.

"నీళ్ళున్నాయని ఉత్తర్వులో లేదు."

సరుగుడు రాటలు తెప్పించారు. పాయ నడుమ కెమెరా పట్టేటంత మంచె వేశారు. ఇక్కడ పాఠకులకి ఒక సందేహం రావచ్చు. వంతెనకి రాయి వెయ్యాలంటే ఆమోదం కావాలి గదా, మంచెకి అక్కర్లేదా అని. అక్కర్లేదు. వంతెన అభివృద్ధి పని. మంచె ఫోటో ఏర్పాటు. ఫోటో ఏర్పాట్లకి దైవాధీనంగారి సంతకం చాలు.

మంచె దగ్గరికి చిట్టెబ్బాయి ఎలా వెళ్ళాలి? కెమెరా నెత్తిన పెట్టుకుని ఈదుతానన్నాడు గాని, తడిసిన వ్యక్తిని ప్రభుత్వ పనిలో నియమించడానికి వీల్లేదట. అంచేత ఊరివైపు గట్టునుంచి మంచెకి బల్లలు పరిచారు. అధికారులందరూ కనబడాలి కాబట్టి వాళ్ళూ మంచె మీదికే రావాలి. మంచెని కల్యాణమండపమంత చేశారు. మండలాఫీసు పెద్దాయనది అవతల గట్టు. ఊరివైపు గట్టు మీదుగా రావాలంటే పాయ దాటి వచ్చి, తిరిగి సగం వెనక్కి రావాలి. అలా రావడం తన హోదాకి సరిపడదని కబురు పెట్టాడు. అవతలనుంచి కూడా బల్లలు పరిచారు. అధికారులు నీళ్ళలో పడితే ఆ ఖాళీలు భర్తీ కావడం కష్టమని రెండువైపులా చేతికమ్మీలు కట్టారు. ప్రత్యేకాధికారి పరాంకుశంగారు ఎప్పుడైనా రావచ్చు, ఆయన భారీమనిషి, అంచేత రాటలు రెట్టింపు చేసి, బలం చూడ్డానికి కొబ్బరికాయల బండిని ఎద్దులతో సహా ఇటునుంచి అటు నడిపించారు. బండి నిక్షేపంలా అవతల గట్టెక్కింది.

ఎక్కి, కాయలు అమ్ముకుని, తిరిగి వచ్చేసింది కూడా.

మర్నాటినుంచి ఊరు ఊరంతా మంచె మీదే తిరుగుతోంది. పాలవాళ్ళు వెళ్ళారు, బడిపిల్లలు వెళ్ళారు. సూరాయమ్మ మనవడు తెప్పరాజుని చంకనేసుకుని, వాడు పుట్టినచోటు వాడికి చూపించింది. రత్నం కేరేజీలో పులిహోర పెట్టుకుని, కమ్మీ పట్టుకుని, ఆసుపత్రికెళ్ళి చూపించుకుని పొద్దుగుంకకుండా వచ్చేసింది. అది వంతెన అని మాత్రం ఎవరూ అనలేదు. వంతెన ఇంకా మంజూరు కాలేదు గదా.

రెండో ఫోటో మంచె మీద తీశారు. ఈసారి గుండ్రంగా నిలబడాలని అందరికీ తెలిసింది. కాని ఎవరి పక్కన ఎవరు? హోదా ప్రకారం నిలబెడదామన్నారు. దైవాధీనంగారి పక్కన ఆయన కిందివారు, వారి పక్కన వారి కిందివారు, అలా పేర్చుకుంటూ పేర్చుకుంటూ వెళ్తే గుండ్రం పూర్తయ్యేసరికి అటెండరు ఏసుపాదం వచ్చి దైవాధీనంగారి ఎడమ భుజానికి ఆనుకున్నాడు. అందరూ ఆగిపోయారు. మళ్ళీ పేర్చారు. మళ్ళీ ఏసుపాదమే వచ్చాడు. గుండ్రంగా తిప్పితే చివరివాడు మొదటివాడి పక్కకే వస్తాడన్న సంగతి సర్వీసు మొత్తంలో వారికెవరూ చెప్పలేదు.

"నేనేం సేసేనండి బాబూ," అన్నాడు ఏసుపాదం బిక్కమొహంతో. "తవరు నిలబడమన్న కాడే నిలబడ్డానండి."

ఎండ నడినెత్తికొచ్చింది. ఇక కుదరదని అలాగే తీసేశారు. ఇంటికెళ్ళి గారెని కోసేటప్పుడు చిట్టెబ్బాయి ఏ ఆలోచనా లేకుండా ఒకచోట కోశాడు. ఆ కోత మండలాఫీసు పెద్దాయన ముక్కు మీదుగా పోయింది. సాగదీసిన పట్టీలో ఆయన సగం ఈ కొసనా, సగం ఆ కొసనా తేలాడు. పైఆఫీసువారు తిప్పి పంపుతూ, సదరు అధికారి ఒకే సమయమున రెండుచోట్ల హాజరగుటకు ఎవరి అనుమతి పొందిరో తెలుపవలెను అన్నారు. ఆయన పాపం జవాబు రాయడానికి వారంపాటు సెలవు పెట్టాడు.

ఆ రోజుల్లోనే సూరాయమ్మ, దైవాధీనంగారికి ముంజెల గెల పట్టుకెళ్ళి ఒక మాట అడిగింది. ఫోటో పాసైపోతే వంతెన ఎప్పటికి వస్తుందని.

"ఛాయాచిత్రం ఆమోదం పొందగానే," అన్నారాయన ముంజె నోట్లో వేసుకుని, "మొదట తాత్కాలిక ఏర్పాట్లు తొలగించవలసి ఉంటుంది. మంచె ఉన్నచోట వంతెన కట్టలేం గదా. ఆపైన పరిపాలనామోదం, సాంకేతికామోదం, టెండర్లు. అన్నీ సకాలంలో జరిగితే మూడు వరదలు."

"మూడు వరదలేటండి, అందాకా మేవెలాగండి?"

"దుంగ ఉంది కదమ్మా."

సూరాయమ్మ ఆ మాట తెచ్చి చిట్టెబ్బాయి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఏం చెయ్యమనీ అనలేదు. రత్నం వాకిట్లో కూర్చుని కాళ్ళ వాపు చూసుకుంటోంది. చిట్టెబ్బాయి తన ఫోటో పాసవ్వాలని అందాకా మొక్కుకుంటున్నవాడు, ఆ పూటనుంచి మొక్కు తిరగేసి మొక్కుకున్నాడు.

మూడో ఫోటోకి పరాంకుశంగారు స్వయంగా వచ్చారు. పైఆఫీసుకీ జిల్లాకీ మధ్య నలిగిన సమస్యలన్నీ ఆయన మీదే వదులుతారు. ఈ చిక్కులన్నీ దారిలోనే విప్పేసుకుని వచ్చారాయన. మొదటివాడికీ చివరివాడికీ మధ్య మనిషి పట్టేటంత సందు వదలాలి. ఏసుపాదం ఇక ఎవరికీ ఆనుకోడు. ఆ సందు ఊరివైపు బల్లలకి ఎదురుగా ఉండాలి. గారెని సరిగ్గా ఆ సందులోనే కొయ్యాలి. అధికారులెవరికీ కోత పడదు. డ్రైవర్లని, పెసరట్లని, గుమాస్తాగారిని ఊరవతలికి పంపాలి.

వింటున్న చిట్టెబ్బాయి వంక కోసం వెతికాడు. ఇందులో వంక ఎక్కడా లేదు. గిన్నె మీద బొటనవేలు అద్దితే చాలు, ఫోటోలో సగం ఆకాశం మసకబారిపోతుంది. వేలు గిన్నె దాకా తీసుకెళ్ళాడు. వేలు ఆగిపోయింది. తాతనాటినుంచి ఫోటోలు తీసే ఇల్లు. చెయ్యి దానంతటదే పంచెకొంగు అందుకుని గిన్నెని తళతళలాడేలా తుడిచేసింది. రసమట్టంలో బుడగ కూడా నడుమనే నిలిచి అతన్ని వెక్కిరించింది.

అప్పుడు పరాంకుశంగారు గుండ్రం వంక చూసి, "మరి నేనెక్కడ?" అన్నారు.

దైవాధీనంగారు తన స్థానం చూపించారు. పరాంకుశంగారు తల అడ్డంగా ఊపారు. ఆయన సర్వీసులో ఏ ఫోటోలోనూ నడుమ తప్ప కూర్చోలేదట. ఈ ఫోటోకి నడుమ ఏది? కెమెరా ఉన్నచోటు. అయితే కుర్చీ అక్కడే వెయ్యాలి. స్టాండు కాళ్ళు బారజాపి, పైకి లేపి, వాటి మధ్య కుర్చీ వేశారు. పరాంకుశంగారు అందులోకి నడుం వంచి దూరి, కూర్చుని, పూలదండ సర్దుకున్నారు. ఆయన నెత్తికి జానెడు ఎత్తున కెమెరా, దాని మీద గిన్నె, కిరీటంలా అమరాయి.

"అయ్యగారూ," అన్నాడు చిట్టెబ్బాయి, వృత్తిధర్మం ఊరుకోక, "గిన్నెకి కిందది కనబడదండి. తవరు ఫోటోలో—"

"సారు ఫోటోలో కనబడకపోవడమేంటయ్యా?" అన్నారు దైవాధీనంగారు. "సారుండగా ఎవరు కనబడతారు? నీ పని నువ్వు చూసుకో."

చిట్టెబ్బాయి తన పని చూసుకున్నాడు. అంత చక్కటి ఫోటో అతని చేతిలో అంతకుముందు రాలేదు. చుట్టూ అధికారులు, అందరి మొహాల్లోనూ నడుమవైపు చూసే భక్తి, నడుమ చిల్లు.

ప్రత్యేకాధికారి గైర్హాజరని ఫోటో తిరిగొచ్చింది. స్టాండు కాళ్ళ దగ్గర ఒక బూటు ముక్కు మాత్రం కనబడుతోందనీ, ఆ బూటు ఎవరిదో, అది ఏ హోదాలో హాజరైందో పది రోజుల్లో తెలియజేయవలెననీ అన్నారు. పరాంకుశంగారు ఆ బూటు తనదేనని ఒప్పుకుంటే బూటు మాత్రమే హాజరైనట్టు. కాదంటే అదీ లేదు. ఆ ఉత్తరప్రత్యుత్తరాల్లో ఆషాఢం గడిచిపోయింది.

శ్రావణంలో గోదారి ఎర్రబడింది. నీళ్ళు వచ్చి తాటిదుంగని ఎత్తుకుని సముద్రానికి పోయాయి. మంచె కదల్లేదు. పరాంకుశంగారి బరువుకి వేసిన రాటలవి. రత్నానికి నొప్పులొచ్చిన పూట, బల్లల కింద బెత్తెడు దూరంలో పాయ బుసకొడుతుంటే, ఆమె ఒకవైపు కమ్మీ, ఇంకోవైపు సూరాయమ్మ భుజం పట్టుకుని, మొగుణ్ణీ ఇంజనీరునీ గోదారినీ వరసగా తిట్టుకుంటూ నడిచి అవతలికెళ్ళింది. ఆసుపత్రి మంచం మీద ఆడపిల్ల పుట్టింది. పేరు ఇంకా అనుకోలేదు గాని, అందులో తెప్ప లేదన్నంతవరకూ ఖాయం.

వరద తీశాక నాలుగో ఫోటోకి వచ్చారు. ఈసారి పరాంకుశంగారు నడుమ సంగతి ఎత్తలేదు. గుండ్రంలోనే పీట మీద నిలబడి అందరికన్నా జానెడెత్తు కనబడ్డారు. సందు ఊరివైపు బల్లలకి ఎదురుగా వదిలారు. కోత అక్కడేనని చిట్టెబ్బాయి చేత ముందే ఒట్టు వేయించుకున్నారు. గునపాలు, మేకులు పీకే సుత్తులతో మనుషులు అవతలి గట్టు దిగువన, గిన్నెకి అందకుండా కూర్చుని ఉన్నారు. ఫోటో ఫోనులో పంపిన గంటలోపు ఆమోదం వస్తుంది, వచ్చిన గంటలోపు మంచె ఊడదీస్తారు. అన్నీ సిద్ధం.

ఆ ఉదయం రత్నం, పిల్లకి టీకా వేయించడానికి ఎన్నింటికి వెళ్తే బాగుంటుందని మొగుణ్ణి అడిగింది.

"ఫోటో టైముకి మాత్రం రాకు," అన్నాడతను. "పదిన్నరకి."

"పదిన్నరకా," అంది రత్నం.

"పదిన్నరకే. సందు మనవైపుంటది. అటు రాకు."

"నాకెందుకులే."

పదిన్నరకి చిట్టెబ్బాయి గిన్నె తుడిచాడు. బుడగ చూశాడు. టైమరు తిప్పి, గుండ్రంలో ఏసుపాదం పక్కన తన చోటులో నిలబడ్డాడు. అధికారులందరూ ఊపిరి బిగబట్టి గిన్నెలోకి చూస్తున్నారు. గిన్నెలోకి చూసేవాడికి తన మొహం తప్ప ఇంకొకటి కనబడదు. చిట్టెబ్బాయి ఒక్కడే సందు వంక చూస్తున్నాడు. ఊరివైపు బల్లల మీద రత్నం, చంకలో పిల్ల, చేతిలో కేరేజీ, నింపాదిగా నడిచి వస్తోంది. ఒక్క కేక వేస్తే ఆగిపోతుంది. కేక వెయ్యడానికి అతను నోరు తెరిచాడు కూడా. ఫోటోలో అతని నోరు తెరుచుకునే ఉంటుంది, కావలిస్తే చూడండి. కేక మాత్రం ఫోటోలో పడదు గదా.

గారెని ఒట్టు ప్రకారం ఆ సందులోనే కోశాడు. పట్టీకి ఈ కొసన రత్నం, ఆ కొసన పిల్లా కేరేజీ, మధ్యలో ప్రభుత్వం వచ్చాయి.

గంటలోపే జవాబు వచ్చింది. పరాంకుశంగారు ఫోను కంటికి దూరంగా పట్టుకుని రెండుసార్లు చదివారు. గునపాలవాళ్ళు లేచి, పంచెలు దులుపుకుని, ఇంటిదారి పట్టారు.

అప్పట్నుంచి ఏటా వరద తీశాక ఫోటోకి వస్తూనే ఉన్నారు. పాలవాడో, బడిపిల్లో, తెప్పరాజో, ఎవరో ఒకరు పదిన్నరకి సందులోకి వస్తూనే ఉన్నారు. రాటలు పుచ్చితే ఫోటో ఏర్పాట్ల కింద కొత్తవి వేస్తారు. పైఆఫీసునుంచి వచ్చే జవాబులో మాత్రం ఒక్క అక్షరం మారలేదు:

"వంతెన మంజూరు చేయుటకు వీలుపడదు. పనితో సంబంధము లేని వ్యక్తులు వంతెన దాటుచున్నారు."